అపార్ట్‌మెంట్ సంఘాల కార్యవర్గాలకు బహిరంగ లేఖ: చప్పుడు ఎక్కడిదో తేల్చకుండా పైఇంటి తలుపు తట్టకండి

అధ్యక్షులు, కార్యదర్శులు, కార్యవర్గ సభ్యులకు నమస్కారం.

మేము అపార్ట్‌మెంట్ల నిర్వహణలోనూ, ప్లంబింగు, సివిల్ మరమ్మతుల్లోనూ, ఇరుగుపొరుగు తగవులు సర్దడంలోనూ పని చేసేవాళ్లం. హైదరాబాద్ నుంచి విశాఖ దాకా ఏ సంఘం రిజిస్టరు తిరగేసినా నీళ్లు, పార్కింగుతో పాటు చప్పుళ్ల మీద ఫిర్యాదులు కనిపిస్తాయి. నీళ్లు రాకపోతే ట్యాంకరు తెప్పిస్తారు. పార్కింగు గొడవైతే గీతలు గీయిస్తారు. చప్పుడు విషయంలో మాత్రం "మీలో మీరు మాట్లాడుకోండి" అని వదిలేస్తారు, లేదంటే వాచ్‌మన్‌ని పైఇంటికి పంపుతారు. తగవు ముదిరేది సరిగ్గా అక్కడే. చప్పుడు ఏ రకమో, ఎక్కడ పుడుతోందో తేలకముందే ఒక ఇంటి మీద నింద పడిపోతుంది. తర్వాత చప్పుడు ఆగినా ఆ రెండిళ్ల మధ్య మాటలు ఉండవు. ఈ వరుస మార్చమని, ముందు భవనాన్ని పరీక్షించి ఆ తర్వాతే మనుషుల జోలికి వెళ్లమని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాం.

మన భవనాల్లో చప్పుడు రెండు దారుల్లో వస్తుంది. టీవీ, మాటలు, పాట, కుక్క అరుపు గాలిలో పుట్టి తలుపు సందులు, కిటికీలు, బాత్‌రూం వెంటిలేటర్లు, డక్టుల గుండా వస్తాయి. అడుగుల దడదడ, కుర్చీ ఈడ్చిన కీచు, రోట్లో దంచే దెబ్బ, డ్రిల్లు, మోటారు అదురు నేరుగా కాంక్రీటులోకి దిగి స్లాబులు, స్తంభాలు, గోడల వెంట పోతాయి. మొదటి రకాన్ని బరువైన గోడ బాగానే ఆపుతుంది. రెండో రకం దగ్గర ఆ బరువు పెద్దగా పనికిరాదు. ఐదారు అంగుళాల స్లాబు మీద సిమెంటు పరిచి విట్రిఫైడ్ టైలు అతికించేస్తాం, మధ్యలో మెత్తని పొర ఏదీ ఉండదు. టైలు మీద పడ్డ ప్రతి దెబ్బా స్లాబు మీద పడ్డట్టే. గోడలన్నీ మైవాన్ షట్టరింగుతో, అంటే అల్యూమినియం అచ్చులతో, కాంక్రీటులో పోసిన టవర్లలో ఇది ఇంకా తీవ్రం. అక్కడ భవనమంతా ఒకే ముద్ద కాబట్టి మూడో అంతస్తులో డ్రిల్లు పెడితే ఏడో అంతస్తులో పక్క గదిలో పెట్టినట్టు ఉంటుంది.

అందుకే "పైనుంచే వస్తోంది" అన్న మాటను సాక్ష్యంగా తీసుకోకండి. కాంక్రీటులో వచ్చిన చప్పుడుకు దిక్కు తెలియదు. స్లాబు మొత్తం అదురుతుంది కాబట్టి ఎక్కడ పుట్టినా చెవికి సీలింగు నుంచి వచ్చినట్టే అనిపిస్తుంది. అసలు చోటు ఐమూలగా ఉన్న ఫ్లాటు కావచ్చు, రెండంతస్తుల పైన కావచ్చు, కింద కూడా కావచ్చు. "రాత్రి పన్నెండింటికి పైన పిల్లలు గోళీలు ఆడుతున్నారు" అన్నది అన్ని ఊళ్లలో వినిపించే ఫిర్యాదు. తీరా చూస్తే పై ఫ్లాటుకు తాళం ఉంటుంది. నీళ్ల పైపుల్లో ఒత్తిడి ఒక్కసారిగా మారినప్పుడు, పగలంతా ఎండకు కాగిన స్లాబు, పైపులు, అల్యూమినియం ఫ్రేములు రాత్రి చల్లబడి సర్దుకునేటప్పుడు ఇలాంటి టకటకలు, దొర్లుళ్లు పుడతాయి. తాళం వేసిన ఇంటి మీద ఫిర్యాదు వస్తే నవ్వి తోసేయకండి. చప్పుడు నిజమే, ఇల్లే వేరు.

తేల్చే పద్ధతికి పెద్ద ఖర్చు లేదు. ఫిర్యాదు చేసినవారిని పది రోజుల పాటు ఒక పట్టిక రాయమనండి: తేదీ, మొదలైన సమయం, ఎంతసేపు, ఏ గదిలో, ఎలాంటి చప్పుడు. "గోల" అని రాస్తే పనికిరాదు. దెబ్బా, ఈడుపా, గుయ్‌మనే మోతా, నీటి సొరసొరా అన్నది రాయాలి. ఈ పట్టికే సగం సమాధానం చెబుతుంది. రోజూ ఒకే నిమిషానికి వస్తే అది టైమరు మీద నడిచే మోటారు. ట్యాంకు నిండే వేళకు "ధన్" మని ఒక్క దెబ్బ వినిపిస్తే అది మోటారు ఆగగానే నీళ్లు వెనక్కి తిరిగినప్పుడు వాటిని ఆపే ఎన్.ఆర్.వి. వాల్వు మూసుకున్న దెబ్బ. వారాంతాల్లోనే వస్తే మనుషుల అలికిడి. పది నిమిషాలు మోగి ఆగి మళ్లీ మోగితే వాషింగ్ మిషన్ స్పిన్ కావచ్చు. 1200 చుట్ల స్పిన్ అంటే సెకనుకు 20 అదుర్లు, కింది గదిలో అది మోతగా కాక ఒంటికి తగిలే వణుకుగా తెలుస్తుంది.

తర్వాత రెండిళ్ల ఒప్పుకోలుతో ఒక ఉమ్మడి పరీక్ష పెట్టండి. పైఇంట్లో ఒకరు కుర్చీ జరపడం, మడమలు నేలకేసి నడవడం, చెంచా పడేయడం, కుళాయి తిప్పి మూయడం, కమోడు ఫ్లష్ చేయడం, మిక్సీ వేయడం ఒక్కొక్కటీ చేయాలి. కింద కూర్చున్నవారికి వరుస ముందే చెప్పకూడదు. వాళ్లు విన్నది విన్నట్టు సమయంతో రాయాలి, చివర్లో రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూడాలి. ఇదే పరీక్ష ఐమూలగా ఉన్న ఫ్లాటులోనూ, రెండంతస్తుల పైనా చేయండి. మోత యంత్రానిదని అనుమానముంటే రాత్రి పదకొండు తర్వాత సంఘం ఎలక్ట్రీషియన్ బూస్టరు పంపు, ట్యాంకు మోటారు, మురుగునీటి శుద్ధి ప్లాంటు (ఎస్.టి.పి.) బ్లోయరు, బేస్‌మెంటు ఎగ్జాస్టు ఫ్యానుల కరెంటు స్విచ్చులను (ఎం.సి.బి.లను) ఒకదాని తర్వాత ఒకటి రెండేసి నిమిషాలు ఆపాలి. ఏది ఆపినప్పుడు మోత పోయిందో ఫిర్యాదుదారు ఫోనులో చెబితే చాలు. కుడి ఇంటివాళ్లని అనుమానించిన మోతకు కారణం ఎడమ గోడకు బిగించిన ఎ.సి. ఔట్‌డోరు యూనిట్ అని ఇలాగే బయటపడుతుంది.

ఇక్కడ చప్పుడు కొలిచే డెసిబెల్ మీటరు గురించి చెప్పాలి, ఎందుకంటే ఫోనులో యాప్ పెట్టి "42 చూపిస్తోంది, ఇక సమస్య లేదు" అని ఫైలు మూసేసే కార్యవర్గాలు ఉన్నాయి. ఫోను మైకు మాటల కోసం చేసింది, కొలతకు సరిచూసి (క్యాలిబ్రేట్ చేసి) పెట్టింది కాదు. అంతకన్నా ముఖ్యం, నిబంధనల్లో ఉండే డెసిబెల్ 'ఎ' తూకంతో కొలిచింది. చెవి వినికిడికి తగ్గట్టు అది లోతైన స్వరాలను తగ్గించి చూపుతుంది: సెకనుకు 63 కంపనాల దగ్గర సుమారు 26 డెసిబెల్, 31.5 దగ్గర 39 డెసిబెల్ కోసేస్తుంది. అడుగుల దబదబ బలమంతా సరిగ్గా ఆ ప్రాంతంలోనే ఉంటుంది. పైగా చట్టం అడిగేది కొంత సమయం మీద సగటు. అర నిమిషానికో దెబ్బ పడితే సగటు పెరగదు, నిద్ర మాత్రం నిలవదు. కాబట్టి పాటలకు, జనరేటరుకు మీటరు వాడండి. అడుగులకు, దెబ్బలకు పట్టికా, ఉమ్మడి పరీక్షే ఆధారం.

చోటు తేలాక మందు చాలాసార్లు చవకే. కుర్చీ, సోఫా, డైనింగు బల్ల కాళ్లకు మూడు నుంచి ఐదు మిల్లీమీటర్ల ఫెల్టు ప్యాడ్లు అతికించాలి. ఇనుప కాళ్లకు రబ్బరు బుష్‌లు నయం. ఫెల్టులో దుమ్ము, ఇసుక చేరితే గట్టిపడి మళ్లీ కీచుమంటుంది, అందుకే కొన్ని నెలలకోసారి మార్చాలి. ఒకసారి అతికించి "వేశాం కదా" అనడం దగ్గర ఈ పరిష్కారం విఫలమవుతుంది. పిల్లలు ఆడే గదిలో 12 నుంచి 20 మిల్లీమీటర్ల ఫోం పలకలు గోడ దాకా పరచాలి. పిల్లల్ని పరుగెత్తవద్దని ఎవరూ కట్టడి చేయలేరు, చేయకూడదు కూడా. పెద్దవాళ్ల చేతికర్రకు అడుగున అరిగిన రబ్బరు మార్చండి, కింద గదిలో రాత్రంతా తగిలే టక్కుటక్కు దానితో పోతుంది. మిక్సీ, వెట్ గ్రైండరు పెట్టే గ్రానైట్ గట్టు గోడలో దిగి ఉంటుంది కాబట్టి గట్టు మీద పది పన్నెండు మిల్లీమీటర్ల రబ్బరు మ్యాటు వేసి, యంత్రం గోడను తాకకుండా జరపాలి. తెల్లారి ఐదున్నరకు పిల్లల డబ్బాల కోసం పచ్చడి నూరే ఇల్లాలికి మిక్సీ నిషేధిస్తూ నోటీసు ఇవ్వడం అన్యాయమని మా అభిప్రాయం. మ్యాటు వేయించండి, పప్పు రుబ్బే పని సాయంత్రానికి మార్చుకోమని అడగండి. రోలు, రోకలి మాత్రం నేల మీద వద్దు. మందమైన రబ్బరు మీద పెట్టినా పగటి వేళకే పరిమితం కావాలి.

వాషింగ్ మిషన్ విషయంలో ముందు మూడు చూడాలి. ఫ్రంట్‌లోడ్ మిషన్ వెనక రవాణా కోసం బిగించిన బోల్టులు తీశారా, నాలుగు కాళ్లూ సమంగా ఆని లాక్‌నట్లు బిగిశాయా, ఒక్క బరువైన దుప్పటే వేసి తిప్పుతున్నారా. ఆ తర్వాతే రబ్బరు ప్యాడ్లు. కాళ్లు సమం కాని మిషన్ కింద మెత్తటి ప్యాడు పెడితే ఊగడం ఇంకా పెరుగుతుంది. సబ్‌వూఫరును నేల మీద, మూలలో పెట్టకండి. రబ్బరు లేదా గట్టి ఫోం మీద ఎత్తి, మూల నుంచి జరిపి, రాత్రి దాన్ని ఆపేస్తే మాటలు బాగానే వినిపిస్తాయి, కింది ఇంట్లో గుండె అదిరే మోత పోతుంది. ట్రెడ్‌మిల్లు మీద పరుగు అన్నిటికన్నా మొండిది. 15 మిల్లీమీటర్ల రబ్బరు వేసినా లోతైన దెబ్బ మిగులుతుంది. దాన్ని నడకకు పరిమితం చేయడమో, కింది అంతస్తుకు మార్చడమో తప్ప దారి లేదు. అందుకే క్లబ్‌హౌసు జిమ్మును నివాసాల పైన పెట్టకండి.

కింది ఇంటివారికి ఒక హెచ్చరిక. గుడ్ల ట్రేలు, పలచని ఫోం షీట్లు గోడకో సీలింగుకో అంటిస్తే ఆ గదిలో ప్రతిధ్వని తగ్గుతుంది, పైనుంచి వచ్చే చప్పుడు ఆగదు. స్లాబుకు నేరుగా బిగించిన జిప్సం ఫాల్స్ సీలింగు కూడా దాదాపు అంతే. స్ప్రింగు లేదా రబ్బరు హ్యాంగర్లు, 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్ (రాతి నార), రెండు పొరల 12.5 మిల్లీమీటర్ల జిప్సం బోర్డు కలిపితే కొంత ఫలితం ఉంటుంది, అయినా గోడల వెంట దిగే చప్పుడు మిగులుతుంది. డబ్బు పెట్టాల్సింది పైఇంటి నేలలో. ఎవరైనా టైల్సు మార్చుకుంటున్నారంటే అది సంఘానికి దొరికే మంచి అవకాశం. పాత టైలు మీదే కొత్త టైలు అతికించేస్తే అవకాశం పోయినట్టే. టైలు కింద కనీసం ఐదు మిల్లీమీటర్ల రబ్బరు లేదా కార్కు పొర, గది చుట్టూ గోడకూ టైలుకూ మధ్య మెత్తటి పట్టీ, గోడ అడుగున అతికించే స్కర్టింగు పట్టీ కింద సిమెంటు బదులు సిలికాను, ఇవి నిబంధనగా రాయండి. టైలు ఒక్క చోట గోడను ముట్టినా, స్కర్టింగు సందులో సిమెంటు నింపినా దెబ్బ గోడలోకి దిగిపోయి వేసిన పొర వృథా అవుతుంది. మేస్త్రీలు అలవాటు కొద్దీ చేసేది ఇదే, దగ్గరుండి చూడాలి. పొర మీద మళ్లీ 50 మిల్లీమీటర్ల కాంక్రీటు పోస్తామంటే చదరపు మీటరుకు 120 కిలోల దాకా బరువు పెరుగుతుంది, స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం లేకుండా ఒప్పుకోకండి.

ఇంటీరియరు పనులకు వేళ పెట్టండి: ఉదయం 10 నుంచి 1, మధ్యాహ్నం 3 నుంచి 6, ఆదివారం సెలవు. అది కూడా చాలదు. రేపు ఏ ఫ్లాటులో చిప్పింగు (గోడ, టైలు చెక్కడం), ఎన్ని గంటలకు అన్నది ముందు రోజు సాయంత్రమే లిఫ్టు దగ్గర రాసి పెడితే రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకునేవాళ్లు, పసిపిల్లల తల్లులు, పరీక్షలకు చదివే పిల్లలు సర్దుకుంటారు. చెప్పి చేసిన చప్పుడును మనిషి భరిస్తాడు. పైపుల కోసం రంధ్రాలు చేసేటప్పుడు సుత్తి, ఉలి, హామరు బదులు నీళ్లు పోస్తూ వజ్రపు పళ్ల గొట్టంతో గుండ్రంగా కోసే డైమండ్ కోర్ కటింగ్ అడగండి. దెబ్బ ఉండదు. అయితే అది స్లాబు కమ్మీలను కూడా కోసేయగలదు, కమ్మీ లేని చోటు చూసి చేయించాలి.

ఇక మీ సొంత యంత్రాలు. తన మోటారు మోతను ఆపలేని సంఘం ఫ్లాటువాళ్లకు నోటీసు ఇస్తే ఎవరూ లెక్కచేయరు, కాబట్టి ముందు వీటితో మొదలుపెట్టండి. పంపు కింద రబ్బరు మౌంట్లు, పంపుకూ పైపుకూ మధ్య అదురు ఆపే సాగే రబ్బరు గొట్టం (బెల్లోసు), పైపు క్లాంపుల్లో రబ్బరు పట్టీ, గోడ దాటే చోట పైపు చుట్టూ వదులు గొట్టం (స్లీవు) ఉండాలి. పైపును గోడలో సిమెంటుతో పూడ్చేస్తే గోడే స్పీకరు అవుతుంది. "ధన్" మనే వాల్వు బదులు నీళ్లు వెనక్కి తిరగకముందే స్ప్రింగుతో మూసుకునే రకం వేయించండి. పైట్యాంకు నుంచి నీళ్లు దిగే భవనాల్లో అంతస్తుకు మూడు మీటర్లు అనుకుంటే పది అంతస్తుల కింద ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు మూడు కిలోలు. ఆ ఒత్తిడిలో వాషింగ్ మిషన్ వాల్వు టక్కున మూసుకుంటే పైపు గోడకేసి కొట్టుకుంటుంది. కింది అంతస్తుల లైన్లకు ఒత్తిడి తగ్గించే వాల్వు పెట్టి రెండు, రెండున్నర కిలోల దగ్గర ఉంచితే ఈ దెబ్బలు చాలావరకు పోతాయి. డీజిల్ జనరేటరు డబ్బాకు ఒక మీటరు దూరంలో చప్పుడు 75 డెసిబెల్ దాటకూడదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. తలుపు రబ్బర్లు ఊడిన డబ్బా, వేడి తట్టుకోలేక తెరిచి ఉంచిన తలుపు, దీన్ని చెడగొట్టేవి ఈ రెండే. స్వాధీనం ఇచ్చి ఐదేళ్లు దాటని, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) కిందికి వచ్చే ప్రాజెక్టు అయితే పనితనం లోపాలను రాతపూర్వకంగా బిల్డరుకు తెలపండి. 2016 రెరా చట్టం 14వ సెక్షను ప్రకారం 30 రోజుల్లో ఉచితంగా సరిచేయడం అతని బాధ్యత.

చట్టం గురించి తెలుసుకోవాల్సింది కొంచెమే, కానీ తప్పుగా చెప్పకూడదు. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్ పరిమితి, రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా. ఇంట్లో పెట్టుకున్న సౌండు సిస్టం చప్పుడు ఆ స్థలం హద్దు దగ్గర ఈ పరిమితిని 5 డెసిబెల్ మించి దాటకూడదు. నివాస ప్రాంతంలో రాత్రి పూట మోత చేసే నిర్మాణ యంత్రాలు నడపకూడదు. పరిమితిని 10 డెసిబెల్ లేదా అంతకన్నా ఎక్కువ దాటినా, రాత్రి ఆంక్షలు మీరినా ఈ నియమాల అమలుకు ప్రభుత్వం నియమించిన అధికారికి ఫిర్యాదు చేయవచ్చు. అర్ధరాత్రి డీజేకి 112కు ఫోను చేయడం సబబే. పైఇంటి అడుగుల చప్పుడుకు పోలీసుల్ని పిలిపించడం మాత్రం తగవును పదేళ్లు పొడిగించడమే. భారతీయ న్యాయ సంహితలో సార్వజనిక ఉపద్రవానికి 292వ సెక్షను కింద జరిమానా వెయ్యి రూపాయల దాకా ఉంది కానీ, అది చుట్టుపక్కల జనానికి కలిగే ఇబ్బందికి సంబంధించింది. రెండిళ్ల మధ్య వ్యవహారం అందులో ఇమడటం కష్టం. మీ స్థాయిలో తేలకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో కేసుకు ముందే రాజీకి దరఖాస్తు పెట్టించండి, కోర్టు ఫీజు ఉండదు.

సంఘం లోపల వరుస ఇలా ఉంటే బాగుంటుందని మా అనుభవం. ఫిర్యాదు రాతలో తీసుకుని మర్నాటికల్లా అందిందని చెప్పండి. ముగ్గురి జట్టు వేయండి, అందులో ఒకరు వేరే బ్లాకువారు, ఒకరు మహిళ అయి ఉండాలి. మూడు రోజుల్లో వాళ్లు స్వయంగా వెళ్లి వినాలి. పట్టిక పూర్తయిన వారంలో ఉమ్మడి పరీక్ష, ఆపై మరమ్మతుకు పదిహేను రోజులు, మళ్లీ ఒకసారి వినడం. అప్పటికీ మొండికేస్తేనే నోటీసు, అదీ యజమానికీ అద్దెదారుకూ ఇద్దరికీ. మొదటి మాట ఎలా ఉండాలో కూడా నివాసులకు రాసి ఇవ్వండి: "అండీ, రాత్రి పదకొండు తర్వాత మా పడకగదిలో ఏదో దొర్లుతున్న చప్పుడు వస్తోంది. మీ ఇంటిదో కాదో మాకు తెలియదు. రేపు సాయంత్రం ఓ పది నిమిషాలు కలిసి చూద్దామా?" ఇంత మర్యాదగా అడిగితే తలుపు వేసేసేవారు అరుదు. అర్ధరాత్రి కోపంతో బెల్లు కొడితే ఎంత మంచివారైనా ఎదురు తిరుగుతారు.

మీరు చేయకూడనివి కూడా చెప్పాలి. వాట్సాప్ గ్రూపులో ఫ్లాటు నంబరుతో ఫిర్యాదు పెట్టనివ్వకండి, పెట్టిన వెంటనే అడ్మిన్ తీసేయాలి. నీళ్లు, కరెంటు, లిఫ్టు ఆపే అధికారం సంఘానికి లేదు. కుక్కను పెంచుకోకూడదని నిషేధించే అధికారమూ లేదు. ఒంటరిగా అరిచే కుక్కకు వేళకు నడక, యజమానికి కబురు, ఇంతవరకే అడగండి. చీపురుకట్టతో సీలింగు బాదడం, ఎదురు స్పీకరు పెట్టడం లాంటి పనులను మొదటి చప్పుడుతో సమానమైన ఉల్లంఘనగా సంఘం నియమావళి (బైలా)లో రాయండి. బ్యాచిలర్లున్న ఫ్లాటు కనుక చప్పుడు వాళ్లదే అనే అలవాటు మానండి. పరీక్ష పెట్టకుండా ఎవరి చేతా ఇల్లు ఖాళీ చేయించకండి. బతుకమ్మ, చవితి, దసరా వేడుకలకు స్పీకరు రాత్రి పదికి ఆపే పూచీ కమిటీలో ఒకరి పేరు మీద ముందే రాసి పెట్టండి.

వచ్చే సర్వసభ్య సమావేశపు అజెండాలో మూడు తీర్మానాలు చేర్చమని కోరుతున్నాం: ముగ్గురి జట్టు నియామకం, టైల్సు మార్చేటప్పుడు మెత్తటి పొర తప్పనిసరి, సంఘం పంపులు, జనరేటరుల చప్పుడు తనిఖీ ఏడాదికోసారి. ఫిర్యాదు పత్రం, పది రోజుల పట్టిక కాగితాలు గేటు దగ్గర సెక్యూరిటీ బల్ల మీద ఉంచండి. అద్దెకున్నవాళ్లు సమావేశానికి రారు కాబట్టి వాళ్ల ఇంటికి ఒక ప్రతి పంపండి.

ఇట్లు,
అపార్ట్‌మెంట్ల నిర్వహణ, మరమ్మతులు, తగవుల సర్దుబాటు పనిలో ఉన్న కొందరం